కిందిరాణికి పలకరింపు

రామక్క ఏడుపు ఎత్తుకుంటే కట్టేసిన ఆవులు కూడా మేత మానేసి చెవులు నిక్కిస్తాయని సదుం చుట్టుపక్కల చెప్పుకునేవారు. ఆవుల సంగతి ఎలా ఉన్నా, మనుషులు మాత్రం చేస్తున్న పని ఆపేసేవారు. పుంగనూరు నుంచి సదుం పోయే దోవలో ఆమె ఊరు. రెండు ఆవులు, పొద్దున సాయంత్రం డెయిరీకి పాలు పోయడం, ఇదీ బతుకుతెరువు. చావింట్లో ఏడవడం బతుకుతెరువు కాదు. దానికి ఎవరైనా ఏమైనా ఇవ్వబోతే కళ్ళెర్ర చేసేది. పెళ్ళికి పిలిస్తేనే పోవాలి, చావుకు పిలవకపోయినా పోవాలి అన్న మాటను ఆమె అక్షరాలా పాటించింది, అంతే.

ఆమె ఏడుపులో పనితనం ఉండేది. పోయినవాళ్ళ గురించి ఎవరినైనా ఒక్క సంగతి అడిగి తెలుసుకునేది. ముసలాయన చెనిక్కాయలు కాల్చుకుని తినేవాడంటే, రాగంలో ఆ చెనిక్కాయల వాసన వచ్చేది. అప్పటిదాకా బండరాయిలా కూర్చున్న కొడుకు ఆ మాట దగ్గర భోరుమనేవాడు. అతడు భోరుమన్నాక రామక్క పని అయిపోయినట్టే. చీర కొంగుతో మొహం తుడుచుకుని లేచి వచ్చేసేది.

ఆమెకు కొన్ని పట్టింపులు ఉండేవి. చావింటికి చెప్పులు వేసుకోదు. చెవుల కమ్మలు తీసి అల్మారాలో పెట్టి మరీ బయలుదేరుతుంది. అక్కడ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. లేచేటప్పుడు 'పోయొస్తా' అనదు. చావింటికి మళ్ళీ వస్తానని ఎవరంటారు? మాటా పలుకూ లేకుండా వెనక్కి తిరగడమే మర్యాద. ఇది మన వైపు అందరికీ తెలిసిందే, కాకపోతే రామక్కకు మరీ గట్టి పట్టింపు.

మనవరాలు దీపకు మాత్రం ఇదంతా తలవంపులుగా ఉండేది. దీప మదనపల్లెలో ఆరో తరగతి. వాళ్ళమ్మ మాలతి టమాటా మండీలో కాయలు ఏరుతుంది. బళ్ళో పిల్లలకు ఎలా తెలిసిందో తెలిసింది. 'ఏడుపుగొట్టు రామక్క మనవరాలొచ్చిందిరా' అని ఒకడు అన్నాడు, ఇంక అందరూ అందుకున్నారు. ఆ వేసవి సెలవులకు అవ్వ దగ్గరికి వచ్చిందన్న మాటే గానీ, పిల్ల మొహం ముడుచుకునే ఉంది.

ఆ ఏడు ఎండలు మరీ దారుణం. బోర్లలో నీళ్ళకు బదులు గాలి వస్తోంది. అలాంటి రోజుల్లో గుడుపల్లె నుంచి కబురొచ్చింది. రామక్కకు వరసకు అన్న అయ్యే మునిచంద్ర వాళ్ళ తల్లి పోయింది. పిల్లను ఒంటరిగా వదల్లేక రామక్క వెంట తీసుకుపోయింది. దీప కొత్త చెప్పులు, వెండి పట్టీలు, చేతినిండా గాజులు, మెరిసే హెయిర్ బ్యాండు, చెవులకు కమ్మలు, అన్నీ తగిలించుకుని తయారైంది.

"అవన్నీ ఇంట్లో పెట్టు పాపా. దుక్కంలో ఉండే ఇంటికి మన సొగసు మోసుకోని పోకూడదు" అంది రామక్క.

"నేనేం ఏడ్చేదానికి వస్తాండానా? నువ్వు ఏడ్చుకో పో" అంది దీప. కుప్పం దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళారు.

మునిచంద్ర ఇంట్లో అవ్వ రాగం ఎత్తుకోగానే దీప చెవులు మూసుకుని పెరటి దోవన బయటికి జారుకుంది. ఇంటి వెనక చింతచెట్టు కింద గాజుల జైనాబ్ కూర్చుని ఉంది. కుప్పం నుంచి పల్లెలు తిరిగి గాజులమ్ముకునే మనిషి. పోయిన ముసలామెకు నలభై ఏళ్ళు గాజులు తొడిగింది కాబట్టి ఆ రోజు బుట్ట పక్కన పెట్టేసి చూడటానికి వచ్చింది. ఆమెకు ఎదురుగా ఒక పాత దిగుడుబావి. ఎప్పుడో ఎండిపోయింది.

ఆ బావిలోంచి ఎవరో ఏడుస్తున్నారు.

"ఎవురో పడిపోయినట్టుండారు, వినబడతాందా?" అని దీప అడిగింది.

జైనాబ్ చెవి రిక్కించింది. "లేదు పాపా. మీ అవ్వ గొంతే అది."

కాదు. అవ్వ ఏడుపులో రాగం ఉంటుంది. ఇందులో రాగం లేదు, ఓపిక లేదు, ఒళ్ళు తెలియని నొప్పి ఉంది. దీప చెడ్డ పిల్ల కాదు. వెక్కిరింపులకు మనసు విరిగింది గానీ, బావిలో ఎవరో ఏడుస్తుంటే విని ఊరుకునే రకం కాదు. మెట్లు దిగింది.

దిగుతూనే ఉంది. బావి అడుగు రావలసిన చోట రాలేదు. ఎండ వెనకబడింది, వేడి వెనకబడింది. తొలకరి పడిన మట్టి వాసన ముక్కుకు తగిలింది. నల్లరాతి మెట్లు పోయి మట్టి ఇటుకల మెట్లు వచ్చాయి. ఆ చివర ఒక వాకిలి. అంత పెద్ద వాకిలి దీప ఏ గుడికీ చూడలేదు. గోడలంతా నీలంగా నిగనిగలాడే ఇటుకలు. అటూ ఇటూ రెండు ఎద్దులు, రాతివి. వాటికి మనిషి మొహాలు, గడ్డాలు, రెక్కలు. పిల్ల దగ్గరికి రాగానే ఆ రెండూ తలలు వంచి చూశాయి. దీపకు ఒళ్ళు జలదరించింది. భయం కంటే ఎక్కువైనదేదో గుండెలో నిండి, నోరు తెరుచుకునే ఉండిపోయింది.

వాకిట్లో కాపలావాడు నిలబడి ఉన్నాడు. కాల్చిన మట్టి రంగు మొహం. గడ్డం వరసలు వరసలుగా, చుట్టలు చుట్టలుగా పొట్టమీదికి దిగింది. చేతిలో తడి మట్టి పలక, రెల్లు పుల్ల.

"ఇది వెళ్ళినవారు తిరిగిరాని ఇల్లు. ఏడు వాకిళ్ళున్నాయి. ఒక్కొక్క వాకిట ఒక్కొక్కటి విడిచిపెట్టాలి. ఎందుకని అడగరాదు, ఇది కింది లోకపు ఆచారం" అన్నాడు.

"లోపల ఎవురో ఏడస్తాండారు" అంది దీప.

"అవును. ఎప్పటినుంచో."

వెనక్కి వచ్చేసి ఉండాల్సింది. కానీ ఆ ఏడుపు అప్పుడు మరీ దగ్గరగా, మరీ బాధగా వినిపించింది. దీప చెప్పులు విడిచింది. రెండో వాకిట పట్టీలు, తర్వాత గాజులు, ఆ తర్వాత హెయిర్ బ్యాండు, కమ్మలు ఇచ్చింది. ఆరో వాకిట కాపలావాడు ఆమె నీడను అడిగాడు. అది ఎలా ఇవ్వాలో తెలియక చూస్తుండగానే వాడు వంగి, ఆరేసిన చీరను తీసినట్టు దాన్ని నేలమీంచి తీసుకున్నాడు. ఏడో వాకిట గొంతు అడిగాడు. ఎందుకని అనబోయింది. మాట రాలేదు.

లోపల ఒక సావడి. అంచులు కనబడవు. నేలంతా మెత్తటి దుమ్ము. ఆ దుమ్ములో లెక్కలేనంత మంది కూర్చుని ఉన్నారు. ఒంటి మీద బట్టలకు బదులు పక్షుల్లా ఈకలు. కొందరు దుమ్ము పిడికెడు తీసుకుని నోట్లో వేసుకుంటున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. ముందు వరసల్లో అందరూ చిన్నపిల్లలు. అందరి నడుమ ఒక ఆడమనిషి పక్కకు తిరిగి పడుకుని ఉంది. కూర్చుంటే కొండంత ఉంటుందేమో. దువ్వని జుట్టు సావడంతా పరుచుకుంది. కింది లోకానికి రాణి ఆమె. మొహం చూడగానే ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. దీప చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"అయ్యో, నా కడుపే!" అని రాణి మూలిగింది.

యాల ఏడస్తాండావమ్మా అని అడుగుదామంటే దీపకు గొంతు లేదు. పక్కన కూర్చుంది. కాసేపటికి మోచేతి దగ్గర దురద పెట్టింది. చూసుకుంటే చిన్న బూడిదరంగు ఈక మొలిచి ఉంది. దాని పక్కనే ఇంకోటి. అప్పుడు అర్థమైంది పిల్లకు, తాను కూడా ఈ వరసల్లో కూర్చోబోతోందని. అవ్వా అని అరవాలనుకుంది. ఎంత అరవాలనుకుంటే ఈకలు అంత తొందరగా మొలిచాయి.

అంతలో దూరంగా, మొదటి వాకిట, కాపలావాడి గొంతు వినిపించింది.

"ఏదైనా ఒకటి విడిచిపెట్టు."

"ఏముండాది నాయనా నా కాడ? సెప్పులు ఇంట్లోనే ఇడిసి వచ్చినా."

రామక్క గొంతే. దీప గుండె ఎగిరిపడింది. రెండో వాకిలి కిర్రుమంది.

"పట్టీలు?"

"పట్టీల వయసా నాది? జరుగు."

ఇంకో వాకిలి. ఇంకోటి. "కమ్మలు?" "పొద్దన్నే తీసి అల్మారాలో పెట్టినా." కాపలావాడి గొంతులో కంగారు మొదలైంది. వాడి కొలువులో ఇంతమంది రాజులు, సేనానులు వచ్చి ఒలిపించుకుని పోయారు గానీ, ఒలవడానికేమీ లేకుండా వచ్చిన మనిషి ఈమే మొదలు. ఆరో వాకిట నీడ అడిగితే "తీసుకో నాయనా, కొలిమి కాడ నిలబడినోని మాదిరి ఉండావు, కాసేపు దాని కింద కూసో" అంది. ఏడో వాకిట గొంతు అడిగాడు.

"అది నాది కాదప్పా" అంది రామక్క. "యా ఇంటికి పోతే ఆ ఇంటోళ్ళది. ఇప్పుడు మీ యమ్మ కోసరం తెచ్చినా. నువ్వు తీసుకుంటే ఆమె పక్కన కూసోని నువ్వే ఏడవాల. ఏడస్తావా?"

కాపలావాడి అడుగులు పక్కకు జరిగాయి. తర్వాత ఏడో వాకిలి తెరుచుకుంది.

రామక్క లోపలికి వచ్చింది. ఈకలు మొలిచిన మనవరాలిని చూసింది. చూసి కూడా ఆగకుండా నేరుగా రాణి దగ్గరికి పోయింది. దీపకు ప్రాణం చివుక్కుమంది. కానీ అవ్వ ఎన్ని చావిళ్ళకు పోయినా ముందు ఎవరి దగ్గరికి పోతుందో గుర్తొచ్చింది. అందరికంటే ఎక్కువ దుఃఖంలో ఉన్నవాళ్ళ దగ్గరికే పోతుంది.

రామక్క దుమ్ములో కూర్చుని, రాణి చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఆ చేతి చిటికెన వేలు పట్టుకోవడానికే రెండు చేతులూ సరిపోయాయి.

"అయ్యో నా కడుపే!" అంది రాణి.

"అయ్యో, నీ కడుపే తల్లా!" అంది రామక్క.

"అయ్యో నా గుండే!"

"నీ గుండెకు ఎంత కష్టమొచ్చె తల్లా!"

రాణి మూలుగు ఆగింది. కళ్ళు తెరిచింది. "ఎవరు నువ్వు? నాతో ఏడుస్తున్నావెందుకు?"

"పలకరించేదానికి వచ్చినానమ్మా. ఎవుర్ని పోగొట్టుకున్నావు?"

"అందరినీ" అంది రాణి. "పైన ఒక ఇంట్లో ఒకరు పోతే ఆ ఇంటికి ఊరంతా వస్తుంది. పోయినవాళ్ళు వచ్చేది నా ఇంటికి. పాలు మరవని పిల్లలు వస్తారు. నేనే ఎత్తుకుని దించుకుంటాను. వాళ్ళందరి చావులూ నా ఇంట్లోనే. నన్ను పలకరించడానికి మాత్రం ఎవరూ రారు. రెండు నదుల నడుమ ఒక దేశం ఉండేది. అక్కడివాళ్ళు నా కోసం డప్పు కొట్టి ఏడ్చేవారు. నా దుఃఖాన్ని మట్టి పలకల మీద రాసుకునేవారు. ఆ ఊళ్ళు దిబ్బలైపోయాయి. అప్పటినుంచి ఒక్కదాన్నే ఏడుస్తున్నాను."

రామక్క కొంగు నడుముకు బిగించింది. రాగం ఎత్తుకుంది.

"ఊరికొక సావిల్లు ఉంటాది తల్లా, లోకానికంతా సావిల్లు నీదాయె! అందరి బిడ్డలకూ తల్లివైతివి, నీ తల నిమిరే తల్లి లేదాయె! మా ఇండ్లల్లో దుక్కానికి దినాలుండాయి, నీ దుక్కానికి దినమే లేదాయె!"

దీప అవ్వ ఏడుపును ఎన్నోసార్లు విన్నది, కానీ ఆ రోజే మొదటిసారి విన్నట్టు విన్నది. ఆ గొంతు సావడి చివర్లదాకా పోయి, తిరిగి వచ్చింది. దుమ్ములో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే తలలెత్తారు. నీలం ఇటుకలు చెమ్మగిల్లాయి. రాణి లేచి కూర్చుంది, కొండ లేచి కూర్చున్నట్టే. రామక్క భుజం మీద తల ఆనించింది. ఎట్లా ఆనిందో, ఆ ముసలి భుజం ఎట్లా మోసిందో దీపకు తెలియదు. ఇద్దరూ కలిసి ఏడ్చారు. రాణి ఏడుపులో మొదటిసారి రాగం వచ్చింది. ఇంత పెద్ద దుఃఖాన్ని ఓదార్చగలిగిన ఈ మనిషిని చూసి తాను బళ్ళో తలదించుకుందా అని దీపకు సిగ్గేసింది.

చివరికి రాణి కళ్ళు తుడుచుకుంది. "నిండుగా పారే నది ఇస్తాను, తాగు" అంది.

పైన ఎండిన బోర్లన్నీ దీప కళ్ళముందు కదిలాయి.

"సావింట్లో నీళ్ళు ముట్టను తల్లా."

"పండిన చేను ఇస్తాను."

"తినను తల్లా."

"మరేం కావాలి? అడగనిదే అమ్మైనా పెట్టదు. ఒక్కటి అడుగు."

రామక్క ముందు వరసలోని పిల్లల వైపు తిరిగింది. అక్కడ మూడేళ్ళ పాప కూర్చుని ఉంది. ఈకల కింద మణికట్టుకు నల్లదారం. దీపకు ఆ కథ తెలుసు. అమ్మ పుట్టకముందు రామక్కకు ఒక కూతురు ఉండేది. జ్వరంతో పోయింది. ఆ రోజు రామక్కకు ఏడుపే రాలేదట. ఆ రాని ఏడుపే తర్వాత ఊరూరా తిరిగి ఏడ్చిందని అమ్మ అంటుండేది.

రామక్క ఆ నల్లదారాన్ని చాలాసేపు చూసింది. పెదవులు కదిలాయి. తర్వాత కష్టంమీద మొహం తిప్పుకుని దీపను చూపించింది.

"ఈ పాపనియ్యి తల్లా. దీని కోసరం పైన వాళ్ళమ్మ ఎదురు సూస్తాంటాది."

రాణి తల ఊపింది. దీప ఒంటి మీది ఈకలు జలజలా రాలిపోయాయి. గొంతు తిరిగొచ్చింది. రామక్క మనవరాలి చెయ్యి పట్టుకుని, ఒక్క మాట కూడా లేకుండా వెనక్కి తిరిగింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మాలతి కూతురికి నేర్పింది. ఎవరింటికి పోయినా చెప్పి రావాలని నేర్పింది. చావింటి మర్యాద మాత్రం, పసిపిల్లకు ఎందుకులే అని, ఎవరూ నేర్పలేదు. గొంతు వచ్చిన సంబరంలో దీప వెనక్కి తిరిగి, చేతులు జోడించి, ముద్దుగా అంది:

"పోయొస్తామమ్మా."

రామక్క చెయ్యి చల్లబడిపోయింది. ఏడో వాకిట రెల్లు పుల్ల తడి మట్టి మీద గీసిన చప్పుడు అయింది.

"చెప్పింది. రావలసిందే" అన్నాడు కాపలావాడు.

రాణి మొహంలో కోపం లేదు, జాలి ఉంది. "ఇక్కడ మాట అంటే మాటే. నేను కూడా మార్చలేను."

"పిల్ల నోట్లో వచ్చినా అది ఇంటి పెద్ద మాట" అంది రామక్క. "నేనొస్తా. ఏటా ఎండాకాలం వచ్చి నీతో కూసోని ఏడ్చిపోతా. నా పేణం ఉండేంత వరకు. రాసుకో నాయనా."

ఒక్కో వాకిట ఒక్కోటి తిరిగి తీసుకుంటూ పైకి వచ్చారు. బావి గట్టున జైనాబ్ చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. "పాప బావిలోకి దిగిందని నేను చెప్పింది, నువ్వు దిగింది ఇప్పుడే కదక్కా" అంది. కాళ్ళమీద నీళ్ళు పోసింది. దీప అప్పుడు ఏడ్చింది.

"నేను అనకుండా ఉంటే నువ్వు పోవాల్సిన పని లేదు కదవ్వా?"

రామక్క పిల్ల తల నిమిరింది. ఆమె మొహంలో దీప అనుకున్నంత బాధ లేదు. "పోనీలే పాపా. ఆడ మనోళ్ళు కూడా ఉండారు కదా" అంది.

అప్పటినుంచి ప్రతి ఎండాకాలం రామక్క కమ్మలు తీసి అల్మారాలో పెట్టి కుప్పం బస్సెక్కేది. దీప వెంట పోయి, జైనాబ్‌తో పాటు గట్టున కూర్చునేది. జైనాబ్‌కు చెప్పారు. ఆమె నమ్మిందో లేదో గానీ చెంబుతో నీళ్ళు మాత్రం తప్పక తెచ్చేది. రామక్క ఎర్రబడిన కళ్ళతో, తేలికపడిన మొహంతో పైకి వచ్చేది. కింద ఏం జరిగిందో చెప్పేది కాదు. ఒక్క ఏడు మాత్రం, బస్సులో, ఎటో చూస్తూ అంది: "పాపకు జడేసినా."

దీప బళ్ళో తల దించుకోవడం మానేసింది. సెలవులొస్తే అవ్వ పక్కన చావిళ్ళలో కూర్చుని, పోయినవాళ్ళ గురించి ఏం అడగాలో, ఎప్పుడు లేవాలో నేర్చుకుంది. చదువు ముగించి పుంగనూరులో పాల డెయిరీలో పనికి చేరింది.

ఈ ఏడు మాఘమాసంలో రామక్క పోయింది. నిద్రలోనే. సదుం నుంచి, మదనపల్లె నుంచి, కుప్పం నుంచి జనం వచ్చారు. ఆమె ఏడిపించిన కొడుకులు, ఓదార్చిన తల్లులు, అందరూ వచ్చి ఏడ్చి, చెప్పకుండా వెళ్ళారు. దీపకు మాత్రం చుక్క కన్నీరు రాలేదు. గొంతులో దుమ్ము నిండినట్టుగా ఉండేది. కూతురి మొహం చూసి మాలతి భయపడింది.

ఎండలు ముదిరాక దీప చెవుల కమ్మలు తీసి అల్మారాలో పెట్టి, చెప్పులు వదిలేసి, గుడుపల్లె వెళ్ళింది. జైనాబ్ ముసలిదైపోయింది. "మాట ఇచ్చింది మీ అవ్వ. ఆమెతోనే తీరిపోయింది బేటీ. నీకేం పని?" అంది. అది నిజమే. దీప మెట్లు దిగింది. ఈసారి బావి అడుగు వచ్చింది. పగుళ్ళు తీసిన మట్టి, రాతిగోడ, అంతే. వాకిలి లేదు. ఆఖరి మెట్టు మీద కూర్చుంది.

కాసేపటికి కాళ్ళ కింది నుంచి ఏడుపు మొదలైంది. అవ్వ రాగమే. గొంతు మాత్రం రాణిది.

"అయ్యో, నా రామక్కా! కమ్మలు తీసిపెట్టి నా ఇంటికి వచ్చిన తల్లీ! నది ఇస్తానంటే ముట్టని తల్లీ! నా తల మోసిన భుజానికి ఈకలు మొలిచెనే! నా కోసం ఏడ్చిన గొంతు మూగబోయెనే! పాపను ఒళ్ళో పెట్టుకుని నా వాకిట్లో ఊరకే కూర్చుందే! ఇంక నాతో ఏడ్చేవాళ్ళు ఎవరున్నారే!"

లోకమంత చావింటి రాణి, తన దుఃఖం పక్కన పెట్టి, దీపను పలకరించడానికి వచ్చింది. 'పాపను ఒళ్ళో పెట్టుకుని' అన్న చోట దీప భోరుమంది. కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేదాకా, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడుపు కుదుటపడ్డాక కింది ఏడుపు ఆగిపోయింది. వెళ్ళొస్తానని రాణి చెప్పలేదు. మర్యాద తెలిసిన మనిషి.

దీప లేచింది. ఇప్పుడు మాట్లాడకుండా మెట్లెక్కితే చాలు, ఏ బాకీ లేదు. రెండు మెట్లు ఎక్కింది. ఆగింది. వెనక్కి తిరిగి, చేతులు జోడించింది.

"పోయొస్తానమ్మా" అంది.

తడి మట్టి మీద పుల్ల గీసిన చప్పుడు వినిపించింది.

గట్టున జైనాబ్ చెంబుతో నిలబడి ఉంది. నీళ్ళు పోయబోయి చెయ్యి ఆపింది. నది ఇస్తానన్న మనిషి ముందే కడిగి పంపినట్టు, దీప పాదాలు అప్పటికే చీలమండల దాకా తడిసి ఉన్నాయి.